కట్లు విప్పండి, లెక్క చెప్పండి

రెండు మంచాలు. రెండింటికీ మనుషులను కట్టేశారు. ఒకరికి స్కిజోఫ్రీనియా. ఇంకొకరికి పుట్టుకతో వచ్చిన బుద్ధిమాంద్యం. తాడు ఒకటే రకం, ముడి ఒకటే రకం, మణికట్టు మీద తేలిన వాత ఒకటే రంగు. మొదటి మనిషిని కట్టినవాళ్లు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎందుకు కట్టారో, ఎలా కట్టారో, ఎంతసేపు కట్టారో వెంటనే రికార్డులో రాయాలి. ఇరవైనాలుగు గంటల్లోపు ఆ మనిషి తరఫు ప్రతినిధికి కబురు చేయాలి. నెలనెలా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు లెక్క పంపాలి. రెండో మనిషిని కట్టినవాళ్లకు ఈ బాధలేవీ లేవు. రాయనక్కర్లేదు, చెప్పనక్కర్లేదు, పంపనక్కర్లేదు. ఎందుకంటే మానసిక అనారోగ్యం అంటే ఏమిటో నిర్వచించిన చోటే ఆ చట్టం బుద్ధిమాంద్యాన్ని తన పరిధి నుంచి తీసేసింది.

నేను మాట్లాడుతున్నది ఆ రెండో మంచం మీది మనిషి కోసం. 2011 జనాభా లెక్కల్లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు 15 లక్షలకు పైగా తేలారు. వాళ్లలో హోముల్లో, ఆశ్రమాల్లో బతుకుతున్నవాళ్లను ఈ రాత్రి ఎందరిని కట్టేసి పడుకోబెట్టారో చెప్పగలిగే అధికారి ఈ దేశంలో ఒక్కరు లేరు. చట్టం అడగని లెక్క ఎవరు రాస్తారు? రాయని లెక్కకు ఎవరు జవాబు చెబుతారు?

మొదటి మనిషికి దక్కిన ఆ మాత్రం రక్షణ కూడా ఊరికే రాలేదు. ప్రాణాలు తీసుకుని వచ్చింది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక మానసిక రోగుల ఆశ్రమానికి నిప్పంటుకుంది. లోపలున్నవాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. మంటలు కనబడుతున్నా లేచి పరుగెత్తే దారి లేక 28 మంది చనిపోయారు. దేశమంతా ఉలిక్కిపడింది. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ తర్వాత పదహారేళ్లకు వచ్చిన చట్టంలో 95వ సెక్షను మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని తేల్చి చెప్పింది. 97వ సెక్షను ఒంటరి గదిలో బంధించడాన్ని నిషేధించింది. కట్టివేతకు గట్టి షరతులు పెట్టింది. ముంచుకొచ్చిన ప్రమాదాన్ని ఆపడానికి ఇంకే దారీ లేనప్పుడే కట్టాలి. సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి. తప్పనిసరి అయినంతసేపే ఉంచాలి. శిక్షగా వాడరాదు. బెదిరింపుగా వాడరాదు. సిబ్బంది తక్కువగా ఉన్నారన్న సాకుతో అసలే వాడరాదు.

ఆ చట్టం సక్రమంగా అమలవుతోందా అంటే అది ఇంకో పోరాటం. కానీ అన్యాయం జరిగితే నిలదీయడానికి ఒక సెక్షను నంబరు ఉంది, తప్పు చేసినవాళ్లకు జైలు, జరిమానా ఉన్నాయి. సిబ్బంది కొరత సాకు చెల్లదని పార్లమెంటే రాసిన వాక్యం ఉంది. రెండో మంచం దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం చచ్చిపోతుంది.

బుద్ధిమాంద్యం జబ్బు కాదు కాబట్టి ఆ చట్టంలో చేర్చలేదు అంటారు న్యాయం తెలిసినవాళ్లు. నిజమే, జబ్బు కాదు. ఆ పిల్లలను పిచ్చివాళ్లతో కలిపి చూడొద్దని తల్లిదండ్రులే ఏళ్ల తరబడి పోరాడారు. వాళ్లు అడిగింది గౌరవం. దక్కింది ఏమిటి? రక్షణ లేకుండా పోవడం. జబ్బున్న మనిషిని కట్టేయాలంటే డాక్టరు సంతకం కావాలట, ఏ జబ్బూ లేని మనిషిని కట్టేయడానికి ఆయా చేతిలో చున్నీ ఉంటే చాలట! జబ్బు లేని మనిషిని కట్టేయడం ఇంకా పెద్ద నేరం కావాలి గదా. మన చట్టాల్లో అది లెక్కకే రాని పని అయింది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది గదా అంటారు. ఉంది. 6వ సెక్షను క్రూరత్వం నుంచి, అమానుషమైన తీరు నుంచి కాపాడాలంటుంది. 7వ సెక్షను హింస, దోపిడీల నుంచి కాపాడాలంటుంది. మంచి మాటలు. అయితే ఒక మనిషిని కట్టే ముందు ఎవరి అనుమతి తీసుకోవాలి, ఎంతసేపు కట్టొచ్చు, ఏ పుస్తకంలో రాయాలి, ఇంటివాళ్లకు ఎప్పుడు చెప్పాలి, ఎవరు వచ్చి తనిఖీ చేయాలి అన్న నియమావళి అందులో లేదు. భారతీయ న్యాయ సంహితలోని 127వ సెక్షను అక్రమ నిర్బంధం నేరమంటుంది. మరి ఆ ఫిర్యాదు ఎవరు ఇవ్వాలి? మాట రాని మనిషి పోలీస్ స్టేషనుకు నడిచి వెళ్లి ఇవ్వాలా? ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లే అన్నయ్య ఇవ్వాలా? కట్టినవాళ్లే ఇవ్వాలా?

కట్టేయడం అనగానే మన కళ్లముందు సంకెళ్లే మెదులుతాయి. సంకెళ్లు కనబడితే పత్రికల్లో ఫొటో పడుతుంది, అందుకే ఇప్పుడు సంకెళ్లు అంతగా వాడరు. పాత చీర చింపిన పేలిక చాలు. కిటికీ ఊచకు కట్టిన ఒక చెయ్యి చాలు. వీల్‌చైర్ బెల్టు బిగించి, ముందు బల్ల అడ్డం పెట్టి పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టడం చాలు. దుప్పట్లో చుట్టేసి కదలకుండా చేయడం, పొడుగు చేతుల చొక్కా తొడిగి ఆ చేతులను వెనక్కి ముడేయడం, గదిలోకి తోసి బయట గడియ వేయడం, బోర్లా పడేసి వీపు మీద మోకాలు ఆనించడం కూడా బంధించడమే. పాలలో కలిపి తాగించే మాత్ర అన్నిటికంటే మెత్తని తాడు. చర్మం మీద వాత కూడా పడదు.

ఆ కట్టు శరీరాన్ని ఏం చేస్తుందో డాక్టర్లకు తెలియని సంగతి కాదు. రోజుల తరబడి కదలని కీళ్లు బిగుసుకుపోతాయి. కండ కరిగిపోతుంది. వీపు మీద, పిరుదుల మీద పుళ్లు పడతాయి. కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. పడుకోబెట్టి నోట్లో కుక్కిన అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. బోర్లా పడేసి అదిమిపెడితే ఊపిరి ఆగిపోతుంది. చనిపోయాక కాగితం మీద న్యుమోనియా అని ఒక్క మాట ఉంటుంది. తాడు సంగతి ఉండదు.

'వాడు కొడతాడండీ.' 'ఆ పిల్ల తల గోడకేసి బాదుకుంటుందండీ.' 'తలుపు తీస్తే పారిపోతాడండీ.' 'వాళ్ల మంచికేనండీ కట్టేది.' హోముల్లో ఈ మాటలు చెప్పని సిబ్బంది అరుదు. నేను వాటిని కొట్టిపారేయను. నిజంగానే కొడతారు, కొరుకుతారు, తల పగిలేలా బాదుకుంటారు. ఆ క్షణంలో ఒక మనిషిని గట్టిగా పట్టుకుని ఆపాల్సి వస్తుంది. రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లవాడి చెయ్యి పట్టుకోవడాన్ని ఏ బుద్ధున్నవాడూ తప్పనడు. నేను తప్పంటున్నది ఆ క్షణం గడిచిపోయాక కూడా విప్పని ముడిని. నిన్న బాదుకున్నాడు కాబట్టి ఇవాళ పొద్దున్నే కట్టేయడాన్ని. రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉన్నారు కాబట్టి ఎనిమిదింటికల్లా అందరినీ కట్టేయడాన్ని.

ఇంతకూ ఆ పిల్ల తల ఎందుకు బాదుకుంటుందో ఎవరైనా అడిగారా? చెవిలో చీము పట్టిందేమో. దవడ పన్ను పుచ్చి సలుపుతోందేమో. నాలుగు రోజులుగా విరేచనం కాలేదేమో. నెలసరి నొప్పేమో. మూర్ఛ వచ్చే ముందు కలిగే కలవరమేమో. రోజూ అన్నం తినిపించే ఆయా చెప్పకుండా పని మానేసిందేమో. పక్క మంచం మీద ఎవరో కొత్తవాళ్లు రాత్రంతా అరుస్తున్నారేమో. నోటితో చెప్పలేని మనిషి చేతితో చెబుతుంది, తలతో చెబుతుంది. మనం పంటి డాక్టరును పిలవలేదు. ఆ చెప్పిన చేతినే కట్టేశాం.

ఇక మాత్రలు. హోములో 'కంట్రోల్ కావడం లేదు' అని ఎవరైనా డాక్టరుకు చెబితే రిస్పెరిడోనో హాలోపెరిడాలో రాస్తారు. ఇవి సైకోసిస్ కోసం పుట్టిన మందులు. సైకోసిస్ లేకుండా దూకుడు మాత్రమే ఉన్న బుద్ధిమాంద్యుల మీద ఇవి పనిచేస్తాయా అని ఇంగ్లండ్, వేల్స్, ఆస్ట్రేలియాల్లో 86 మంది మీద పరీక్షించి, ఫలితాలను 2008లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. కొందరికి రిస్పెరిడోన్, కొందరికి హాలోపెరిడాల్, మిగతావాళ్లకు మందే లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నాలుగు వారాలకు మూడు గుంపుల్లోనూ దూకుడు తగ్గింది. అందరికంటే ఎక్కువ తగ్గింది ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో! అంటే మనిషిని శ్రద్ధగా గమనించి, పలకరించి, కాస్త ఓపిక పడితే చాలినచోట మనం మెదడును మొద్దుబారుస్తున్నాం. ఇంగ్లండ్‌లో అయితే తగిన కారణం లేకుండా రోజూ ఇలాంటి మందులో, డిప్రెషన్ మందులో మింగుతున్న బుద్ధిమాంద్యులు 30 వేల నుంచి 35 వేల మంది ఉంటారని 2015లో అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థే అంచనా కట్టింది. ఆ మరుసటి ఏడే మందులు తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టింది అక్కడి ఆరోగ్య సేవ. మన రాష్ట్రాల్లో అలాంటి అంచనా వేసే ఆలోచన ఎవరికైనా వచ్చిందా?

'డబ్బు లేదండీ, మనుషులు లేరండీ, అందుకే కట్టాల్సి వస్తోంది' అనేవాళ్లకు ఇంగ్లండ్‌లోనే జరిగిన ఇంకో కథ చెప్పాలి. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అని 24 పడకల ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్నవాళ్లను అందులో ఉంచేవారు. ఒక్కో మనిషికి వారానికి సగటున 3,500 పౌండ్లు ప్రజల సొమ్ము అందేది. డబ్బుకు కరువు లేదు. 2011 మేలో బీబీసీ పనోరమా కార్యక్రమం రహస్య కెమెరాతో తీసిన దృశ్యాలు చూపించింది. నేల మీద పడేసి తొక్కిపట్టడం, కొట్టడం, జుట్టు పట్టి లాగడం, చల్లటి నీళ్లు కుమ్మరించడం లోకమంతా చూసింది. పదకొండు మందికి శిక్ష పడింది, ఆరుగురు జైలుకు వెళ్లారు. ఆసుపత్రి మూతపడింది. అంతకుముందే అక్కడ పనిచేసిన సీనియర్ నర్సు ఒకాయన యాజమాన్యానికి రాశాడు, తనిఖీ సంస్థకు రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

నాకు ఆ దృశ్యాలకంటే భయంకరంగా తోచింది ఆ ఆసుపత్రి రికార్డు. 2010లో మనుషులను బలవంతంగా పట్టి ఆపిన ఘటనలు 379 జరిగాయని వాళ్లే రాసిపెట్టుకున్నారు. 2011లో మొదటి మూడు నెలల్లోనే 129. ఇరవై నలుగురు పట్టే ఇంట్లో! ఆ అంకెలు కాగితం మీదే ఉన్నాయి. వాటిని చూసి, ఏమిటిది, ఎందుకిన్ని, ఎవరిని ఇన్నిసార్లు అని అడిగే కన్ను లేదు. లెక్క రాయడం ఎంత అవసరమో, దాన్ని బయటివాడు వచ్చి చదవడం అంత అవసరం. ఆ తర్వాత ఆసుపత్రుల్లో అనవసరంగా ఉన్నవాళ్లందరినీ 2014 జూన్ 1కల్లా మామూలు ఇళ్లకు చేరుస్తామని బ్రిటిష్ ప్రభుత్వం మాట ఇచ్చింది, తప్పింది. గడువు దాటి పదేళ్లయ్యాక, 2024లో కూడా దాదాపు రెండు వేల మంది అక్కడి ఆసుపత్రుల్లోనే ఉండిపోయారు. 2019లో డరమ్ కౌంటీలోని వార్ల్‌టన్ హాల్‌లో అదే కథ, అదే బీబీసీ కెమెరా. గోడలు ఎత్తుగా ఉండి, మనుషులు మాటలేనివాళ్లై, తలుపు లోపలివాళ్ల చేతిలోనే ఉంటే ఎంత డబ్బు పోసినా ఏ దేశంలోనైనా ఇదే జరుగుతుంది.

నార్వే ఇంకో దారి పట్టింది. 1991లో తెచ్చిన సంస్కరణతో పెద్ద పెద్ద సంస్థలను మూసేసే పని పెట్టుకుని, మనుషులను వాళ్ల వాళ్ల ఊళ్లలోని ఇళ్లకు చేర్చింది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల మీద బలప్రయోగం గురించి చట్టంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాసుకుంది. ముందుగా అనుకుని చేసే బలవంతపు చర్య ఏదైనా సరే కారణాలతో కాగితం మీద పెట్టాలి, పై అధికారి దాన్ని పరిశీలించాలి. అక్కడ చట్టం వాళ్ల కోసమే ఒక అధ్యాయం పెట్టింది. ఇక్కడ చట్టం వాళ్లనే పేరుపెట్టి బయటికి నెట్టింది. తేడా డబ్బులో మాత్రమే ఉందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

మన దగ్గర తలుపులు తెరిచి చూసినవాళ్లకు ఏం కనబడింది? 2014లో హ్యూమన్ రైట్స్ వాచ్ మన దేశంలోని 24 సంస్థలు తిరిగి, మానసిక, మేధో వైకల్యాలున్న ఆడవాళ్ల స్థితి మీద నివేదిక ఇచ్చింది. దాని పేరే 'జంతువులకంటే హీనంగా'. పల్లెలో పశువును గుంజకు కట్టిన రైతు కూడా పొద్దుకు రెండుసార్లు కట్టు విప్పి నీళ్లకు తోలుకెళ్తాడు. పలుపు ఒరుసుకుని మెడ మీద పుండు పడితే నూనె రాస్తాడు. మనుషుల విషయంలో ఆ మాత్రం కూడా చేయని సంస్థలను మనం సేవాసంస్థలంటున్నాం, దండలు వేస్తున్నాం. 2024 జూలైలో ఢిల్లీ రోహిణిలోని ప్రభుత్వ హోము ఆశాకిరణ్‌లో ఒక్క నెలలోనే పదిమందికి పైగా చనిపోయారు. పట్టేవాళ్లకంటే చాలా ఎక్కువమందిని అందులో కుక్కారని హైకోర్టు ముందు బయటపడింది. వాళ్లను కట్టేశారని నేను అనడం లేదు. దేశ రాజధానిలో, ప్రభుత్వమే నడిపే ఇంట్లో మనుషులు ఎలా బతుకుతున్నారో వాళ్లు చచ్చాక గాని బయటి లోకానికి తెలియలేదు అంటున్నాను.

తల్లిదండ్రులను నిందించడానికి నాకు నోరు రాదు. 'మా తర్వాత వీడి గతేమిటి?' అన్న ఒక్క ప్రశ్నతో ముప్ఫై ఏళ్లు నిద్రలేని రాత్రులు గడిపినవాళ్లు వాళ్లు. నడుము పడిపోయి, కొడుకును ఎత్తి స్నానం చేయించే బలం చచ్చాకే హోము గడప తొక్కారు. అక్కడ మణికట్టు మీద వాత చూసి 'ఇదేమిటండీ' అని అడిగితే వచ్చే జవాబు వాళ్లకు తెలుసు: 'మీకు నచ్చకపోతే తీసుకెళ్లండి.' ఆ ఒక్క మాట చాలు, తాడుకంటే గట్టిగా కట్టేస్తుంది వాళ్లను. ఆయాల మీద కూడా నా కోపం కాదు. చాలీచాలని జీతానికి, ఏ శిక్షణా లేకుండా, రాత్రంతా ముప్ఫై మందిని ఒక్కతే చూసుకోమని వదిలేస్తే ఆమె మాత్రం ఏం చేస్తుంది? అలా వదిలేసిన యాజమాన్యం మీద, ఆ యాజమాన్యానికి రిజిస్ట్రేషన్ ఇచ్చి మళ్లీ అటు తొంగిచూడని ప్రభుత్వం మీద నా కోపం.

ఢిల్లీలో చట్టం మారేదాకా చేసేదేమీ లేదని అమరావతి, హైదరాబాద్ చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారమే హోములకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది రాష్ట్రం, ఏ ప్రమాణాలు పాటిస్తే ఇవ్వాలో నిర్ణయించేది రాష్ట్రం, తప్పు చేస్తే రద్దు చేసేది రాష్ట్రం. ఆ ప్రమాణాల్లో ఈ మాటలు రాయండి. గొలుసు, తాడు, గడియ వేసిన గది నిషేధం. ప్రాణాపాయం తప్పించడానికి క్షణకాలం పట్టి ఆపినా సరే పుస్తకంలో రాయాలి: ఎవరిని, ఎందుకు, ఎవరు, ఎన్ని నిమిషాలు. ఇరవైనాలుగు గంటల్లో ఇంటివాళ్లకు చెప్పాలి. నెలనెలా ఆ లెక్క రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు వెళ్లాలి, కమిషనర్ దాన్ని హోము పేరుతో సహా బయటపెట్టాలి. చెప్పాపెట్టకుండా తనిఖీకి వెళ్లే బృందంలో తల్లిదండ్రులు, దివ్యాంగులు ఉండాలి. దూకుడు తగ్గించే మాత్ర వేసే ప్రతి మనిషికీ ముందు పళ్లు, చెవులు, కడుపు పరీక్ష చేయాలి, ఆ మాత్ర ఇంకా అవసరమా అని కొన్ని నెలలకోసారి డాక్టరు మళ్లీ తేల్చాలి. సిబ్బంది కొరత సాకు ఇక్కడా చెల్లదని స్పష్టంగా రాయాలి. ఫిర్యాదు చేశారని ఆ కుటుంబం బిడ్డను బయటికి పంపిన హోము రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి.

శిక్షణ ఇచ్చేవాళ్లు లేరనకండి. బుద్ధిమాంద్యం మీద జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. దేశమంతటికీ టీచర్లను తయారుచేసే ఊరు మనది. కట్టకుండా మనిషిని ఎలా శాంతపరచాలో మన జిల్లా హోముల ఆయాలకు నేర్పించలేమా? చివరికి వెళ్లాల్సిన చోటు కూడా దివ్యాంగుల హక్కుల చట్టంలోనే రాసి ఉంది. సమాజంలో అందరి మధ్య బతికే హక్కు దివ్యాంగులకు ఉందంటుంది 5వ సెక్షను. 2007లో మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక కూడా అదే అంటుంది. వంద మందిని కుక్కే షెడ్డు కాదు, వీధిలో నలుగురైదుగురు కలిసి ఉండే మామూలు ఇల్లు కావాలి. పక్కింటివాళ్లకు అరుపు వినబడే చోట తాడు చేతిలోకి తీసుకోవడానికి ఎవరికైనా భయం వేస్తుంది.

ఇక మనం. పుట్టినరోజుకు కేకు, పెద్దల వర్ధంతికి అన్నదానం అంటూ ఈ హోములకు వెళ్లేది మనమే. ముందు హాల్లో వరసగా కూర్చోబెట్టిన పిల్లలకు స్వీటు పెట్టి, ఫొటో దిగి, పుణ్యం చేసుకున్నామని ఇంటికొస్తాం. హాల్లోకి తీసుకురానివాళ్లు ఎక్కడున్నారని అడగం. మన డబ్బుతో నడిచే ఇల్లు అది, అడిగే హక్కు మనకుంది. ఈసారి వెళ్లినప్పుడు వెనక గదులు చూపించమనండి. రాత్రి డ్యూటీలో ఎందరుంటారో అడగండి. పోయిన నెలలో ఎవరిని కట్టారో రాసిన పుస్తకం తెమ్మనండి. పుస్తకం లేదంటే చెక్కు జేబులోనే పెట్టుకుని, బయటికొచ్చి కలెక్టరుకు, దివ్యాంగుల కమిషనరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఆ మనిషి రాయలేడు. మనం రాయగలం, రాయకపోతే ఆ ముడిలో మన చెయ్యీ ఉన్నట్టే.